కథ వినిపించని కథాసభ: తిరువూరు వంటి ఊళ్లలో కథాపఠన సాయంత్రాలపై ఒక అభ్యంతరం

ఉపోద్ఘాతం

తెలుగునాట కథాపఠన సభకు ఒక స్థిరమైన రూపం ఏర్పడింది. జ్యోతి ప్రజ్వలనతో మొదలై వందన సమర్పణతో ముగిసే ఆ రూపంలో సభాధ్యక్షుని తొలిపలుకులు ఉంటాయి. ముఖ్య అతిథిగా వచ్చిన రచయిత పరిచయం, ఆత్మీయ అతిథుల ప్రసంగాలు, శాలువా, జ్ఞాపిక ఉంటాయి. వీటన్నిటి నడుమ కథకు మిగిలే సమయం అత్యల్పం. సమయాభావం వల్ల కథ సారాంశం మాత్రమే చెప్పుకుందామని వేదిక మీది వారు ప్రకటించడం, సభికులు దానికి తలూపడం అలవాటైపోయిన సంగతులే. సంగీత కచేరీకి పిలిచి రాగాల పేర్లు చదివి పంపితే శ్రోత ఊరుకోడు. కథాసభలో మాత్రం ఊరుకుంటున్నాడు.

ఆహ్వానపత్రంలో ‘కథాపఠనం’ అని అచ్చువేసి, సభలో కథను పూర్తిగా చదవకపోవడం కాలనిర్వహణలో జరిగే చిన్న పొరపాటు కాదు. కథ ఎవరిది, దానిపై తీర్పు చెప్పే అర్హత ఎవరికి ఉంది అన్న ప్రశ్నలకు ఆ సభ మౌనంగా ఇస్తున్న జవాబు అది. కథ రచయితది, తీర్పు వేదికది, చప్పట్లు సభికులవి అన్నదే ఆ జవాబు. దీనిని తిరస్కరించడం ఈ వ్యాస లక్ష్యం. కథాపఠన సభలో కథ ఆద్యంతం చదవాలి, సభికులు ముందు మాట్లాడాలి, అతిథి రచయిత చివర మాట్లాడాలి. ఈ క్రమం తప్పిన సభ సన్మానసభ కావచ్చు కాని కథాసభ కాదు.

తిరువూరు ఎందుకు?

విజయవాడ నుంచి మైలవరం మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగే రహదారిపై, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం తిరువూరు. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేవరకు అది కృష్ణా జిల్లాలో భాగం. కృష్ణా జిల్లా అనగానే సాహిత్యలోకం కళ్లముందు నిలిచేది డెల్టా, దాని కాలువలు, దాని అచ్చుకూటాలు. తిరువూరు మెట్ట ప్రాంతం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు అది. కాలువ చివరి భూముల రైతుకు ఒక అనుభవం ఉంది. నీరు వదిలారన్న వార్త ముందు వస్తుంది, నీరు ఆలస్యంగా వస్తుంది, ఒక్కొక్కసారి రానే రాదు. ఇటువంటి ఊళ్లకు సాహిత్యం చేరే తీరు కూడా ఇదే. ఫలానా రచయిత వచ్చి వెళ్లాడన్న వార్త, వేదిక మీద తీసిన ఛాయాచిత్రం మరునాటి పత్రిక జిల్లా పేజీలో చేరతాయి. కథ మాత్రం రచయిత సంచిలోనే తిరిగి వెళ్లిపోతుంది.

భాష రీత్యా కూడా ఈ ఊరు ఆలోచింపజేస్తుంది. ఆధునిక ప్రమాణభాషకు కృష్ణా, గోదావరి జిల్లాల విద్యావంతుల వాడుక ప్రధానమైన ఆధారమని తెలుగు విద్యార్థులందరూ చదువుకుంటారు. తిరువూరు పటంలో ఆ ప్రమాణానికి లోపల ఉన్న ఊరు, నిత్యవ్యవహారంలో ఖమ్మం జిల్లాకు పొరుగున ఉన్న ఊరు. సమీపంలోని ఎ.కొండూరు మండలపు తండాలలో ఇంటి భాష తెలుగు కాదు, లంబాడీ. శాసనసభా నియోజకవర్గం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినది. ఇటువంటి చోట ఒక కథ పూర్తిగా చదివితే దానిని వినేవారందరూ ఒకే తెలుగుతో, ఒకే బతుకుతో వినరు. కథకు ఇంతకంటె కఠినమైన, ఇంతకంటె న్యాయమైన పరీక్ష మరొకటి లేదు. సారాంశం చెప్పే సభ ఈ పరీక్షను తప్పిస్తుంది. సారాంశం ఎక్కడైనా ఒకే తెలుగులో ఉంటుంది.

గంపలగూడెం, విస్సన్నపేట నుంచి వచ్చిన శ్రోతకు తిరుగు బస్సు సమయం ఉంటుంది. ప్రసంగాలన్నీ ముగిశాక ఏడున్నరకో ఎనిమిదికో కథ మొదలుపెట్టే సభలో ఆ శ్రోతకు దక్కేవి ప్రసంగాలే. ఇంటికి చేరి వంట చేయవలసిన స్త్రీ అంతకంటె ముందే లేచి వెళుతుంది. కార్యక్రమ క్రమమే శ్రోతలను ఎంపిక చేస్తున్నదన్న సంగతి నిర్వాహకులు గమనించాలి. చివరిదాకా కూర్చోగలిగేవారు సొంత వాహనం ఉన్నవారు, ఇంట్లో ఎదురుచూపులు లేనివారు.

చదివి వినిపించడం: మరచిన వారసత్వం

కథను చదివి వినిపించడం వెనుకబాటుతనమని, ఆధునిక కథ ఒంటరి మౌనపఠనానికి పుట్టిన ప్రక్రియ అని ఒక అభిప్రాయం విమర్శలో పాతుకుపోయింది. హరికథ, బుర్రకథ శ్రవ్యాలు, కథానిక పాఠ్యం అన్న విభజన తరగతి గదిలో సౌకర్యంగా ఉంటుంది. చరిత్ర మాత్రం ఇంత శుభ్రంగా చీలదు.

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం అక్కడే రూపుదిద్దుకుంది. ఆ సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చూపు కోల్పోయి, ఇతరులచేత చదివించుకొని, తాను చెబుతూ వ్రాయించిన రచయిత ఆయన. తెలుగు గ్రంథాలయోద్యమపు తొలి మహాసభకు అధ్యక్షుడు చెవితో చదివిన మనిషి కావడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ ఉద్యమపు ఆచరణ మాత్రం యాదృచ్ఛికం కాదు. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాతూరి నాగభూషణం వంటివారు నడిపిన ఉద్యమంలో గ్రంథాలయం అక్షరాస్యులకు మాత్రమే పరిమితమైన గది కాదు. చదవలేనివారికి పత్రికను, పుస్తకాన్ని చదివి వినిపించడం, రాత్రిబడి నడపడం దాని పనులలో భాగం. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. పుస్తకం మనిషి దగ్గరకు వెళ్లాలన్నది ఆ పడవ సిద్ధాంతం. ఆ కాలువ మెట్టకు రాలేదు. ఆ సిద్ధాంతమైనా రావలసింది.

శ్రోతకు హక్కు ఉన్న పఠనం ఎలా ఉంటుందో చూడడానికి తెలుగు నేల దాటి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. 1865లో క్యూబా రాజధాని హవానాలో చుట్టలు చుట్టే కార్మికులు పనివేళ తమకు చదివి వినిపించేందుకు ఒక పఠకుణ్ణి ఏర్పాటు చేసుకున్నారు. అతనికి వేతనం ఇచ్చింది యజమాని కాదు, కార్మికులే తమ కూలిలోంచి చందా వేసి ఇచ్చారు. ఏ పుస్తకం చదవాలో నిర్ణయించడంలో మాట వారిదే. మరుసటి ఏడే వలస ప్రభుత్వం ఆ పఠనాన్ని నిషేధించింది. వినేవారు తమకు కావలసినది తామే ఎంచుకొని, విన్నదానిపై తమలో తాము వాదించుకోవడం అధికారానికి ప్రమాదకరంగా కనిపించింది. నేటి కథాసభను నిషేధించవలసిన అవసరం ఎవరికీ కలగదు. అక్కడ శ్రోత ఏదీ ఎంచుకోడు, ఏ వాదనకూ దిగడు.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైన తరువాత కథ మళ్లీ చెవికి దగ్గరయింది. అయితే రేడియోకు ఒక పరిమితి ఉంది. శ్రోత విన్నాడు గాని వెంటనే బదులు చెప్పలేకపోయాడు. రేడియో ఇవ్వలేని ఆ బదులును ఇవ్వగల ఏకైక స్థలం పదుగురు కలిసి కూర్చున్న కథాసభ. అదే ఇప్పుడు శ్రోతను రేడియో ముందు కూర్చున్న మనిషిగా మార్చేసింది.

చెవి చేసే విమర్శ

పఠనం వల్ల కథకు ఒరిగేదేమిటని అడగవచ్చు. 1910లో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’ను తీసుకుందాం. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన భర్త మూసిన తలుపు ముందు నిలబడడంతో ఆ కథ మొదలవుతుంది. కథలో పెద్దభాగం యజమాని గోపాలరావుకు, నౌకరు రాముడికి మధ్య నడిచే సంభాషణ. మౌనంగా చదివే విద్యార్థి దృష్టి సంస్కరణ అన్న ఇతివృత్తంపై ఉంటుంది, రాముడు పక్కపాత్రగా మిగిలిపోతాడు. అదే కథను ఇద్దరు గొంతు విప్పి చదివితే రాముడి మాట సగం కథను ఆక్రమిస్తుంది. ఉపన్యాసాలు దంచే యజమాని తెలివికీ, ఎదురు చెప్పకుండానే దానిని పలచన చేసే నౌకరు తెలివికీ ఉన్న తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలలో సంభాషణ ఎవరిదో చెప్పే వాక్యం తరచు ఉండదు, గొంతును బట్టి మనిషిని పోల్చుకోవాలి. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లోని కోర్టు ఆవరణ పాత్రల మాటతీరు వల్లనే నిలబడింది. ఈ ముగ్గురి శిల్పం గురించి పరిశోధనలు చాలా వచ్చాయి. ఆ శిల్పం నివసించే చోటు ధ్వని అని ఒప్పుకొంటూనే దానిని కంటితో మాత్రమే కొలవడం వింత.

మంచి కథకే కాదు, బలహీనమైన కథకు కూడా పఠనం పరీక్షే. పొలం ఎరగని రచయిత రైతు నోట పెట్టిన మాట అచ్చులో దాగిపోతుంది. నారుమడి కట్టినవారు పదిమంది ఉన్న గదిలో చదివితే దాగదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు చెందినది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన ఆ కోశం సేద్యం చేసేవారి నోట విన్న మాటలపై నిలబడింది. అక్కడ ప్రమాణం పండితుడు కాదు, పని చేసే మనిషి. నిఘంటువుకు ప్రమాణమైన మనిషి కథకు ప్రమాణం ఎందుకు కాకూడదన్న ప్రశ్నను తెలుగు విమర్శ ఇంతవరకు గట్టిగా వేసుకోలేదు. తెలుగు విభాగాలు జానపద గేయం సేకరించడానికి పల్లెకు వెళ్లినప్పుడు అక్కడి వృద్ధురాలిని ‘వక్త’ అని గౌరవంగా నమోదు చేస్తాయి. అదే వృద్ధురాలు ఒక ఆధునిక కథ విని చెప్పిన అభిప్రాయాన్ని నమోదు చేసే గడి మాత్రం వారి పత్రాలలో లేదు. పాట చెప్పినప్పుడు ఆమె సంప్రదాయానికి నిధి, కథ విన్నప్పుడు కేవలం ప్రేక్షకురాలు.

తీర్పు చెప్పని ఊరు

ఈ లోపం ఎంత లోతైనదో కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ చూపుతుంది. సుందరపాలెంలో ఒక అప్పు తగాదా. ఊరంతా పంచాయితీకి కూర్చుంటుంది. అప్పల్రాముడు తన బతుకును, అప్పు పెరిగిన క్రమాన్ని ఊరి ముందు చెబుతాడు, ఊరు వింటుంది. చివర సీతారాముడు చేసిన ఘోరం ఆ ఊరి న్యాయాన్నే ప్రశ్నిస్తుంది. ఆ ముగింపు సమంజసమా కాదా అని తెలుగు విమర్శకులు దశాబ్దాలపాటు పత్రికలలో, పుస్తకాలలో వాదించుకున్నారు. ఆ వాదన తెలుగు కథావిమర్శకు గర్వకారణమే. అయితే ఊరంతా కూర్చొని వినే కథపై వాదించినవారిలో అధ్యాపకులు, రచయితలు, సంపాదకులు, ఉద్యమకారులు ఉన్నారు గాని, అప్పు తీర్చలేక పంచాయితీలో నిలబడిన మనిషి ఆ కథ విని ఏమన్నాడో తెలిపే ఆధారం మన విమర్శలో చోటు చేసుకోలేదు. కాలువ చివరి భూమిలో అప్పుతో సేద్యం చేసే తిరువూరు ప్రాంతపు రైతుకు, కౌలుదారుకు ఆ కథ వినిపించకుండా ‘యజ్ఞం’పై చర్చ ముగిసిందనడం తొందరపాటు.

కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ మరొక ఉదాహరణ. ఊరి బావి నీటిపై హక్కు చుట్టూ తిరిగే కథ అది. దానిని ఎవరింట్లో వారు చదువుకున్నప్పుడు ప్రతి పాఠకుడూ తనను న్యాయం పక్షాన నిలబెట్టుకోవడం సులభం. బావికి ఇరువైపులా ఉన్న కుటుంబాలవారు ఒకే గదిలో, పక్కపక్క కుర్చీలలో కూర్చొని ఆ కథను మొదటి నుంచి చివరిదాకా వినడం అంత సులభం కాదు. ఎవరు ఎక్కడ నవ్వారు, ఎక్కడ తల దించుకున్నారు, ఎవరు నీళ్లు తాగే నెపంతో బయటికి వెళ్లారు అన్నవన్నీ ఆ గదిలో అందరికీ కనిపిస్తాయి. సారాంశం చెప్పి ప్రసంగంలోకి దాటిపోయే సభ ఈ ఇబ్బంది నుంచి అందరినీ కాపాడుతుంది. ఆ రక్షణ ఎవరికి లాభమో వేరుగా చెప్పనక్కరలేదు.

అభ్యంతరాలు, సమాధానాలు

పూర్తి కథ చదివితే శ్రోతలు విసుగుచెందుతారన్నది మొదటి అభ్యంతరం. నిమిషానికి సుమారు 100 మాటల లెక్కన 2,500 మాటల కథకు 25 నిమిషాలు చాలు. నలుగురు వక్తలు తలా 20 నిమిషాలు మాట్లాడినప్పుడు రాని విసుగు కథ దగ్గరే వస్తుందనడం కథపై నమ్మకం లేనివారి మాట.

అతిథి రచయిత లేకపోతే జనం రారన్నది రెండవది. ఇందులో సత్యం ఉంది. పేరున్న రచయిత రాక ఊరికి ఉత్సాహం ఇస్తుంది, కొత్తగా వ్రాసేవారికి ధైర్యమిస్తుంది. కనుక అతిథిని మానుకోవాలన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన కాదు. అతిథి రావాలి, వినడానికి రావాలి. సాహిత్య అకాదెమీ ‘కథాసంధి’ వంటి కార్యక్రమాలలో రచయిత తన రచన చదివి, తరువాత సభికులతో సంభాషిస్తాడు. అక్కడ కనీసం రచన వినబడుతుంది, అది మేలే. అయినా రచయితే పఠకుడు, వ్యాఖ్యాత, సమాధానకర్త కావడం వల్ల శ్రోత పని ప్రశ్న అడగడంతో ఆగిపోతుంది. రచయిత ఉద్దేశం ముందే తెలిసిన శ్రోత తన అనుభవాన్ని ఆ ఉద్దేశానికి సర్దుకుంటాడు. అందువల్లనే కథను స్థానికులొకరు చదవాలి, రచయిత సభికుల మధ్య కూర్చోవాలి.

మంచి గొంతు చెడ్డ కథను కూడా నిలబెట్టగలదన్న మూడవ అభ్యంతరం బలమైనది. నటనాచాతుర్యం కథను మింగేసే ప్రమాదం నిజంగానే ఉంది. దానికి విరుగుడు పఠనాన్ని మానడం కాదు. చదువరులైన శ్రోతల చేతికి కథ ప్రతి ఇవ్వడం, నటించకుండా స్పష్టంగా చదివే వ్యక్తిని ఎంచుకోవడం విరుగుడు. పత్రికలో బొమ్మ, రచయిత పేరు, బహుమతి పొందిన కథ అన్న ముద్ర కూడా చెడ్డ కథను నిలబెడతాయి. వాటిని భరిస్తున్న విమర్శ గొంతుకు మాత్రమే భయపడడం సమంజసం కాదు.

సామాన్య శ్రోత అభిప్రాయం కథ బాగుంది, బాగోలేదు అన్నదాన్ని దాటదన్నది నాలుగవది. ఇంతకాలం అడగనివారి నుంచి మొదటి సాయంత్రమే పరిణత విమర్శ రాకపోవచ్చు. కథ ఎలా ఉందని అడిగితే బాగుందన్న జవాబే వస్తుంది. ఈ పరిస్థితిలో ఆ మనిషి చేసింది సబబేనా, మీ ఊళ్లో ఇలా మాట్లాడతారా, ఇక్కడ కథ ఆగకపోతే తరువాత ఏం జరిగేది అని అడిగితే జవాబు మారుతుంది. లోపం శ్రోతలో కంటె ప్రశ్నలో ఎక్కువ ఉంది.

ముగింపు

1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ప్రారంభమైన కథానిలయం తెలుగు కథను ఒకచోట భద్రపరిచే బాధ్యతను తలకెత్తుకుంది. 1990 నుంచి కథాసాహితి ఏటేటా ఎంపిక చేసిన కథలను సంకలనాలుగా అందిస్తోంది. వ్రాసిన కథకు ఒక నిలయం, ఎంచిన కథకు ఒక వరుస ఏర్పడ్డాయి. విన్న కథకు మాత్రం అటువంటి నెలవు ఏర్పడలేదు. ఆ పని తెలుగు విభాగాలు చేయవలసినది. కథ విన్నవారి మాటలను, వారి అనుమతితో, వారు పలికిన తెలుగులోనే నమోదు చేసి, విమర్శకు ఆధారంగా స్వీకరించాలి. పిహెచ్‌డి అంశాల జాబితాలో రచయితల పేర్ల పక్కన శ్రోతల ఊళ్ల పేర్లకు కూడా చోటు దొరకాలి.

నిర్వాహకులు చేయవలసినది ఇంకా సులువు. సభ మొదలైన పది నిమిషాలలో కథాపఠనం ప్రారంభం కావాలి. కథ ముగిసిన తరువాత కొద్దిసేపు ఎవరూ వ్యాఖ్యానించకూడదు. ముందుగా బస్సు అందుకోవలసినవారు, వారి తరువాత మిగతా సభికులు మాట్లాడాలి. అంతా విన్న పిమ్మట రచయిత లేచి, తనకు కొత్తగా తెలిసినదేమిటో చెప్పాలి. శాలువా కప్పాలనుకుంటే అప్పుడు కప్పవచ్చు. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు ఇందుకు సిద్ధంగా ఉన్న సందర్భం. ఆ వారంలో ఒక్క సాయంత్రం తిరువూరులో ఈ క్రమాన్ని పాటించి చూడవచ్చు. అదనపు ఖర్చు కథ ప్రతులకే. రెండు జ్ఞాపికలు తగ్గిస్తే అది సరిపోతుంది.